మిషన్ కుట్టే అక్క నడుము: నలభై ఏడేళ్ళకు మొదలుపెట్టిన యోగా, ఒక కేస్ స్టడీ

నలభై దాటాక మొదటిసారి యోగా క్లాసుకు వచ్చేవాళ్ళు నాకు చెప్పేవి ఎక్కువగా నాలుగే: నడుం నొప్పి, మెడ నొప్పి, బరువు, షుగర్. ఏం కావాలని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట, "ఒళ్ళు వంగాలె మేడం" అని. ఈ వయసులో మొదలుపెట్టినవాళ్ళకు వచ్చే లాభాల్లో ఒళ్ళు వంగడం చాలా చిన్నదని, అసలు లాభం క్లాసు అయిపోయాక పని దగ్గర కనిపిస్తుందని చెప్తే ఎవరూ నమ్మరు. అందుకే ఈ ఒక్క కేసును మొదటి నుంచి వివరంగా రాస్తున్నాను. ఆమెను అడిగే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దంది. క్లాసులో అందరం "అక్క" అనే పిలుస్తాం కాబట్టి ఇక్కడా అంతే.

అక్కకు నలభై ఏడేళ్ళు. హనుమకొండలో ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ షాపు. జాకెట్లు, డ్రెస్సులు, ఫాల్స్, పీకో అన్నీ చేస్తుంది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా మిషన్ మీదే ఉంటుంది, పెళ్ళిళ్ళ సీజన్లో, దసరా ముందు ఆ టైం కూడా ఉండదు. నడుము కింది భాగంలో రెండేళ్ళుగా నొప్పి, కుడి భుజం పట్టేసినట్టు ఉంటుంది, రాత్రి పక్కకు తిరిగినప్పుడల్లా మెలకువ వస్తుంది. బీపీకి రోజూ ఒక గోలీ. ఎముకల డాక్టర్ ఎక్స్‌రే తీసి పెద్దగా ఏమీ లేదని చెప్పి, కొన్ని రోజులకు గోలీలు రాసి, వ్యాయామం చెయ్యమన్నాడట. ఏ వ్యాయామం అని ఈమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఈ ఖాళీలో ఎంతమంది ఏళ్ళకేళ్ళు ఉండిపోతారో లెక్కలేదు.

ఆమె వచ్చింది జూన్ చివర్లో. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేసి, 2015 నుంచి జూన్ 21న యోగా దినోత్సవం జరుగుతున్నప్పటి నుంచీ ఆ వారంలో మా బ్యాచ్‌కు కొత్తవాళ్ళు బాగా వస్తారు. వానలు గట్టిగా పడేసరికి సగం మంది కనిపించరు. జూన్ 21న గ్రౌండ్‌లో చేయించే ఉమ్మడి యోగా కార్యక్రమం నలభై అయిదు నిమిషాలది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అది బాగానే ఉంటుంది గానీ, రెండేళ్ళుగా నడుం నొప్పితో ఉన్న మనిషి వేలమందిలో నిలబడి మైకులో చెప్పిందల్లా చేస్తే రెండో రోజు మంచం దిగదు. అక్క అది చేసి, మరుసటి వారమంతా వేడి నీళ్ళ కాపడం పెట్టుకుని, ఆ తర్వాత మా దగ్గరికి వచ్చింది. బ్లౌజు కుట్టించుకోవడానికి వెళ్ళిన మా స్టూడెంట్ ఒకామె బలవంతంగా పట్టుకొచ్చింది అంటే సరిగ్గా ఉంటుంది.

కొత్తవాళ్ళకు నేను ఆసనం చెప్పే ముందు ప్రశ్నలు అడుగుతాను. కాళ్ళలో తిమ్మిరి ఉందా, పాదంలో బలం తగ్గినట్టు ఉందా, మూత్రం మీద, మల విసర్జన మీద పట్టు తప్పుతోందా, పడుకున్నా తగ్గని నొప్పి ఉందా, జ్వరం గానీ, కారణం లేకుండా బరువు తగ్గడం గానీ ఉందా. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా ముందు డాక్టర్ దగ్గరికి పంపుతాను, యోగా తర్వాత సంగతి. గ్లకోమా, అంటే కంటి లోపలి ఒత్తిడితో చూపు నరం దెబ్బతినే జబ్బు, ఉందేమో కూడా అడుగుతాను, తల కిందికి పెట్టే ఆసనాల్లో ఆ ఒత్తిడి పెరుగుతుంది. ఆపరేషన్లు, హెర్నియా, నెలసరి ఎలా ఉంది, ఏ గోలీలు వాడుతున్నారు, అన్నీ. అక్కకు బీపీ తప్ప ఇంకేమీ లేవు. బీపీ ఉంది కాబట్టి వేగంగా, బలంగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకాలు మొదటి రోజే పక్కన పెట్టేశాను. ఆమెకు ఇది నచ్చలేదు, ఎందుకంటే టీవీలో చూసి ఇంట్లో చేద్దామనుకున్నదే కపాలభాతి.

తర్వాత ఒంటిని చూశాను. ముందుకు వంగితే చేతివేళ్ళు మోకాలి కింద ఆగిపోయాయి. అది పెద్ద విషయం కాదు. వంగేటప్పుడు తుంటి దగ్గర అసలు కదలిక లేకుండా మొత్తం నడుము నుంచే గుండ్రంగా ఒరిగింది, విషయం అక్కడుంది. కింద కూర్చుని లేవమంటే ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి నేల మీద పెట్టి, ఊపిరి బిగబట్టి, "అమ్మా" అంటూ లేచింది. నొప్పి పదికి ఎంత అని అడిగితే సాయంత్రానికి ఏడు అంది.

షాపులో చూసింది

క్లాసులో చూసింది నాకు సరిపోలేదు. ఒక మధ్యాహ్నం జాకెట్ సైజు వదులు చేయించుకునే పని మీద షాపుకు వెళ్ళి, కూర్చుని, కుడుతుంటే చూశాను. ఎవరైనా యోగా టీచర్ ఇది చదువుతుంటే ఒక మాట, మీ స్టూడెంట్ రోజంతా చేసే పనిని ఒక్కసారైనా కళ్ళతో చూడండి, నోటితో చెప్పింది వేరే, చేసేది వేరే.

మిషన్‌కు మోటర్ ఉంది, పెడల్ కుడి కాలి కింద. కుడి మడమ గాల్లో, వేళ్ళు పెడల్ మీద, దాంతో ఒంటి బరువంతా ఎడమ పిరుదు మీద పడుతోంది. ప్లాస్టిక్ స్టూల్, వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు, మిషన్ బల్లకు తగినంత ఎత్తు కూడా లేదు, అందుకని మోచేతులు పైకెత్తి కుడుతోంది. కటింగ్ నేల మీద, చాప పరిచి, గుండ్రంగా ఒంగి. ఇవన్నీ ఊహించినవే. ఊహించనిది ఒకటి కనిపించింది. జాకెట్ మెడకు పైపింగ్ వేస్తున్నప్పుడు, మెడ వంపు దగ్గరికి రాగానే, ఆమె ఊపిరి ఆగిపోయింది. కుడి భుజం చెవి వైపు లేచింది, గడ్డం ముందుకొచ్చింది, దవడ బిగుసుకుంది. వంపు దాటి, దారం కత్తిరించాక, పెద్దగా నిట్టూర్చింది. మళ్ళీ రెండో వైపు వంపు, మళ్ళీ అదే. సూదిలో దారం ఎక్కించేటప్పుడు అదే. నేను చెప్పేదాకా ఆమెకు తెలియదు. చెప్పాక నవ్వింది, "ఊపిరి తీస్తే కుట్టు వంకర పోతది చెల్లె" అంది.

రోజుకు ఎన్ని జాకెట్లు, ఒక్కో జాకెట్‌కు ఎన్ని వంపులు, ఎన్ని హుక్కులు అని ఆలోచిస్తే ఈ మనిషి భుజం ఎందుకు పట్టేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. ఊపిరి పైపైన తీసుకుంటే, బిగబడితే, మెడ పక్కన కండరాలు, భుజం పైభాగం కండరాలు చెయ్యాల్సిన దానికంటే ఎక్కువ పని చేస్తాయి. నడుముకు కూడా అంతే, కడుపు బిగించి గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే కింది వెన్ను కండరాలకు విశ్రాంతి ఉండదు.

ప్లాన్ అక్కడే మారింది. ఈమెకు వంగడం నేర్పే ముందు ఊపిరి వదలడం నేర్పాలి.

మొదటి వారాలు

మొదట్లో చేయించినవి చూస్తే ఇది యోగా క్లాసా అనిపిస్తుంది. వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద పెట్టి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి. నాలుగు లెక్కపెట్టేంత సేపు పీల్చడం, ఆరు లెక్కపెట్టేంత సేపు వదలడం, బిగబట్టకుండా. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది, వదలడం పొడుగు చేస్తే ఒళ్ళు నెమ్మదిస్తుంది, ఇందులో మాయ ఏమీ లేదు. తర్వాత మార్జాలాసనం, అంటే చేతులు, మోకాళ్ళ మీద పిల్లిలా ఉండి వీపు పైకీ కిందికీ వంచడం, అది కూడా ప్రతి కదలికా ఊపిరితో కలిపి. మణికట్టు నొప్పి అంటే పిడికిళ్ళ మీద చేయించాను. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తే సేతుబంధాసనం, తక్కువ ఎత్తులో. గోడకు వీపు ఆనించి నిటారుగా నిలబడే తాడాసనం. కుర్చీ మీద కూర్చుని చేతుల సాయం లేకుండా లేవడం, అదే ఆమెకు ఉత్కటాసనం. చివర్లో తుమ్మెదలా శబ్దం చేస్తూ ఊపిరి వదిలే భ్రామరి, కదలకుండా పడుకునే శవాసనం.

పది రోజులు తిరక్కముందే అడిగేసింది. "గిదేం యోగా చెల్లె, వచ్చినకాడికెల్లి పండుకోబెడుతున్నవ్. పైసలిచ్చి పండుకునుడా?" పక్కన ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేను ఏమీ వాదించలేదు. ఆ రోజు షాపులో ఒక్క పని చెయ్యమన్నాను: మెడ వంపు దగ్గరికి వచ్చినప్పుడు ఊపిరి వదులుతూ కుట్టు, ఒక్క జాకెట్‌కు మాత్రమే, కుట్టు వంకర పోతే విప్పెయ్, కూలి నేనిస్తా అని. వంకర పోలేదు. మరుసటి రోజు చెప్పిన మొదటి మాట అదే.

నా లెక్కలో ఈ కేసు మొత్తానికి మలుపు అక్కడే వచ్చింది. ఆసనాలు ఎంత బాగా చేయించినా క్లాసు ఒక గంట, మిషన్ పది గంటలు. ఆ పది గంటల్లోకి క్లాసులో నేర్చుకున్నది ఒక్కటైనా పోకపోతే గంట యోగా ఏం చేస్తుంది? మెడ వంపు ఆమెకు గుర్తు అయిపోయింది, వంపు రాగానే ఊపిరి వదలాలి, భుజం దించాలి. బాబిన్, అంటే మిషన్ కింది దారం చుట్ట, అయిపోతే లేచి నిలబడాలి, గోడకు రెండు చేతులు ఆనించి తుంటి వెనక్కి జరిపి వీపు చాచాలి. బాబిన్ ఎలాగూ మార్చాల్సిందే కాబట్టి అలారం పెట్టుకునే బాధ లేదు.

మధ్యలో ఒక ఆటంకం వచ్చింది. కాస్త తేలికపడగానే ఉత్సాహం ఎక్కువై, ఫోన్లో వీడియో చూసి ఇంట్లో సూర్యనమస్కారాలు మొదలుపెట్టింది, అదీ వేగంగా. మధ్యలో వచ్చే స్థితుల్లో ఒంటి బరువంతా చేతుల మీద ఆపే శక్తి ఆమె భుజాలకు ఇంకా రాలేదు, కుడి భుజం మళ్ళీ పట్టేసింది. సూర్యనమస్కారాలు చేస్తేనే యోగా అనే భ్రమ చాలామందికి ఉంది. ఇప్పుడు మనం చేసే ఈ వరుస వ్యాయామంగా జనంలోకి వెళ్ళింది గత వందేళ్ళలోనే, మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజు దాన్ని బడుల్లో, బయటా బాగా ప్రచారం చేశాడు. మంచి వ్యాయామమే, కానీ నలభై ఏడేళ్ళకు మొదటిసారి నేల మీద కూర్చున్నవాళ్ళకు అది మొదటి మెట్టు కాదు. అక్కకు గోడ మీద, తర్వాత బల్ల మీద చేతులు పెట్టి అదే కదలికలు నేర్పాను. నేల మీదికి దిగడానికి చాలా టైం పట్టింది.

బతుకమ్మ లెక్క

ఆగస్టులో ఒకరోజు అడిగాను, నొప్పి తగ్గితే ఏం చేద్దామనుకుంటున్నావక్కా అని. బరువు తగ్గాలనో, సన్నబడాలనో అంటుందనుకున్నాను. "సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కాడ ఆఖరిదాకా ఆడాలె. పోయిన రెండేండ్లు అరగంటకే కూసున్న" అంది. ఇంతకంటే స్పష్టమైన లక్ష్యం ఏ స్టూడెంటూ నాకు ఇవ్వలేదు.

బతుకమ్మ ఆట చూసినవాళ్ళకు తెలుసు, అడుగు వెయ్యడం, వంగి చప్పట్లు కొట్టడం, లేవడం, మళ్ళీ అడుగు. గంటల తరబడి. నడుము నుంచి వంగితే ప్రతి చప్పట్టుకూ బరువు కింది వెన్ను మీదే పడుతుంది, తుంటి దగ్గర మడిచి వంగితే ఆ పని పిరుదులు, తొడల వెనక కండరాలు చేసుకుంటాయి. దీన్ని నేర్పడానికి ఆమె షాపులోని మీటర్ స్కేలే పనికొచ్చింది. స్కేలును వీపు మీద నిలువుగా పట్టుకోవాలి, ఒక చెయ్యి మెడ వెనక, ఒక చెయ్యి నడుము వెనక. తల వెనక భాగం, వీపు పైభాగం, తోక ఎముక, మూడు చోట్లా స్కేలు తగులుతూ ఉండగానే వంగాలి. ఏ ఒక్కటి వదిలినా వెన్ను గుండ్రం అవుతున్నట్టే. మొదట్లో జానెడు వంగేసరికి స్కేలు తోక ఎముక దగ్గర లేచిపోయేది. మోకాళ్ళు కొద్దిగా వంచి, తుంటితో వెనకున్న గోడను తాకమంటే అర్థమైంది. సెప్టెంబరుకల్లా స్కేలు లేకుండా వంగడం వచ్చింది, ఆ తర్వాత వంగుతూ ఊపిరి వదిలి చప్పట్లు, లేస్తూ పీల్చడం. క్లాసులో చివరి పది నిమిషాలు అందరం గుండ్రంగా తిరిగేవాళ్ళం, పాట లేకుండా ఊపిరి లెక్క మీద. బయట వాకింగ్‌కు వచ్చినవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

సద్దుల నాడు ఆమె చివరిదాకా ఆడింది. మధ్యలో రెండుసార్లు కూర్చుని నీళ్ళు తాగింది, అదేమీ తప్పు కాదు, ఇరవై ఏళ్ళ పిల్లలూ కూర్చుంటారు. మరుసటి రోజు ఒళ్ళు నొప్పులు ఉన్నాయి గానీ అవి పిక్కల్లో, తొడల్లో.

ఏం మారింది, ఏం మారలేదు

దసరా తర్వాత మళ్ళీ మొదటి రోజు పరీక్షలే చేశాను. సాయంత్రం నొప్పి ఏడు నుంచి మూడు, నాలుగు మధ్యకు వచ్చింది. కింద కూర్చుని ఒక చెయ్యి సాయంతో, ఊపిరి బిగబట్టకుండా లేస్తోంది. రాత్రి మెలకువలు తగ్గాయి, పక్కకు తిరగడం ఎలాగో నేర్పాను కాబట్టి కావచ్చు. ముందుకు వంగితే వేళ్ళు మోకాలి కింద నుంచి పిక్క మధ్యకు వచ్చాయి, నేలకు ఇంకా చాలా దూరం. బరువు దాదాపు అంతే ఉంది. నెమ్మదిగా చేసే యోగాతో బరువు తగ్గుతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి, తినేది మారకుండా అది జరగదు. బీపీ గోలీ అలాగే కొనసాగుతోంది, ఆపే ఆలోచన కూడా చెయ్యొద్దని చెప్పాను, అది డాక్టర్ చూసుకోవాల్సిన పని.

ఇదంతా యోగా గొప్పతనమే అని రాసుకోవచ్చు, రాయను. అదే కాలంలో ఆమె కటింగ్ బల్ల చేయించుకుంది, స్టూల్ బదులు వీపు ఆనే కుర్చీ తెచ్చి మెత్త వేసి ఎత్తు పెంచుకుంది, రాత్రి ఎనిమిది తర్వాత గిరాకీని రేపు రమ్మంటోంది, వారంలో నాలుగు రోజులు వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తోంది. ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పడం నా వల్ల కాదు. నడక నేనే గట్టిగా చెప్పాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, దానితోపాటు రెండు రోజులు కండరాల బలానికి పని చెప్పమంటుంది. మా క్లాసులాంటిది రెండో దానికి కొంత పనికొస్తుంది, మొదటిదానికి నడకే మేలు. అలాగని యోగా ఉత్త నమ్మకం కూడా కాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఎక్కువ కాలంగా ఉన్న నడుం నొప్పికి గోలీల కంటే ముందు ప్రయత్నించాల్సిన వాటిలో వ్యాయామంతో పాటు యోగా పేరు కూడా ఉంది. మా దగ్గరికి పంపే డాక్టర్లు ఎవరైనా ఉంటే ఆ ముక్క చూపించి మాట్లాడతాను.

కార్తీకం, మార్గశిరం ముహూర్తాల్లో అక్క క్లాసు మానేసింది. పెళ్ళి జాకెట్లకు మగ్గం వర్క్ బట్టలు వచ్చి పడ్డాయి, తెల్లవారుజాము దాకా మిషన్. నొప్పి మళ్ళీ పెరిగింది, ఈసారి అయిదు దాకా. నాకు ముఖ్యంగా అనిపించింది ఏంటంటే, ఆమె భయపడలేదు. ఇంతకుముందైతే ఎక్స్‌రేకు పరిగెత్తేది. ఈసారి పిక్కలు కుర్చీ మీద పెట్టి పడుకోవడం, మార్జాలాసనం, గోడ దగ్గర వీపు చాచడం, ఈ మూడే రాత్రి పూట చేసుకుంటూ సీజన్ దాటించింది. పూర్తిగా మానెయ్యడం కంటే పావుగంట మిగుల్చుకోవడం మేలని కొత్తవాళ్ళందరికీ ఇప్పుడు మొదటి నెలలోనే ఈ చిన్న వరుస రాసిస్తున్నాను.

కొత్తగా చేరేవాళ్ళు అడిగేవి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఖరీదైన మ్యాట్ అక్కర్లేదు. వరంగల్ కొత్తవాడలో నేసే షత్రంజీ (నూలు జంపఖానా) ఒకటి నాలుగు మడతలు పెడితే కూర్చోవడానికి ఎత్తు, చుట్ట చుడితే వజ్రాసనంలో మడమల కింద ఆసరా, వరంగల్ షత్రంజీలకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకు అనే ముద్ర) వచ్చింది గానీ మన దగ్గర యోగాకు వాడేవాళ్ళు తక్కువ. టైల్స్ మీద మాత్రం నిలబడి చేసే ఆసనాలకు వాడొద్దు, జారుతుంది. చీరలో వస్తే కుదరదు, చుడీదార్ చాలు. పొద్దున చాయ్ తాగకుండా ఉండలేనివాళ్ళు సగం కప్పు తాగి రండి, కొంపలేం మునగవు. షుగర్‌కు గోలీలో ఇన్సులినో వాడేవాళ్ళు ఉత్త కడుపుతో వచ్చే ముందు డాక్టర్‌ను అడగండి, షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. పవనముక్తాసనంలో గ్యాస్ పోతే సిగ్గుపడొద్దు, ఆసనం పేరే అది. ఇక టీచర్ మీ ఆరోగ్యం గురించి ఏమీ అడక్కుండా మొదటి రోజే శీర్షాసనం గురించి మాట్లాడితే ఇంకో క్లాసు చూసుకోండి.

అక్క ఇప్పుడు వారానికి మూడు రోజులు వస్తోంది. మిగిలిన సమస్య కుడి భుజం. చెయ్యి వెనక్కి తిప్పి తన జాకెట్ హుక్కు తను పెట్టుకోవడం ఇంకా కష్టంగానే ఉంది, ఊపిరితో, గోడతో తగ్గాల్సినంత తగ్గి ఆగిపోయింది. అందుకని ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపాను. ఆయన రబ్బరు బ్యాండ్‌తో రెండు వ్యాయామాలు ఇచ్చి, చెయ్యి తల పైకెత్తి బరువు ఆపే ఆసనాలు ఆరు వారాలు వద్దన్నాడు. ఆ రెండూ మా క్లాసులోనే చేయిస్తున్నాను, చేతులు, పాదాలు నేల మీద ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనం వచ్చినప్పుడు అక్క మాత్రం గోడ దగ్గరికి వెళ్తుంది.